ఆఖరి ఇరవై నిమిషాలు

పదకొండు మందికి టీ మరగడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. కప్పులు కడిగి తుడిచి ట్రేలో పేర్చడానికి నాలుగు, బిస్కెట్లు పళ్ళేల్లో సర్దడానికి రెండు, వడపోసి పొయ్యడానికి ఇంకో రెండు. వెరసి ఇరవై. ఈ లెక్క ఆమె వేసింది కాదు, ఆమె భర్త వేశాడు. ఆయన ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాడు. ఏ పనికైనా కొలత ఉండాలంటాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఫ్రిజ్ తలుపుకి, ఒకటి రెండు నిమిషాల తేడాతో, ఇలాంటి చీటీయే అంటించేవాడు: "నిడివి గంటా ముప్పై ఎనిమిది. నువ్వు లేవాల్సింది గంటా పద్దెనిమిదికి." గీతలు గీసే చెయ్యి కదా, అక్షరాలు ముత్యాల్లా ఉండేవి.

నాలుగింటికి వాళ్ళ హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడ మీద పాత నలుపు తెలుపు నేర సినిమాలు వేసేవాడు. వాటిని నువార్ సినిమాలంటారట. మొదట్లో ఆమె నోయిర్ అంటే, పళ్ళ డాక్టరుగారి ఎదురుగానే ఎంతో ఓపిగ్గా మూడుసార్లు పలికించాడు. వాన పడుతున్న వీధులు, సగం మొహం మీద నీడ, మెట్ల మీద బూట్ల చప్పుడు, ఊపిరాడనంత సిగరెట్టు పొగ. ఆ సినిమాల్లో మగవాడికి టోపీ ఎంత తప్పనిసరో, ఆడదానికి ఆశ అంత తప్పనిసరి. చూడ్డానికి తొమ్మిది మంది వచ్చేవారు. పళ్ళ డాక్టరు, లాయరు, ఫొటో స్టూడియో ఆయన, లైబ్రరీలో పనిచేసే ఒకమ్మాయి, మిగిలినవాళ్ళు ఆయన ఆఫీసు స్నేహితులు. ఏ వారం ఏ సినిమా చూడాలో ఆయనే సిఫారసు చేసేవాడు. ఒక వారపత్రికలో ఆ సినిమాల గురించి చిన్న శీర్షిక రాసేవాడు కూడా. ఆయన చెప్పాడంటే సినిమా చూసి తీరాల్సిందేనని బజార్లో కనిపించినవాళ్ళు అంటుంటే, పక్కన సంచీ మోస్తూ నిలబడి ఆమె కూడా నవ్వేది.

ఇంటర్వెల్ ఉండేది కాదు. అలాంటి సినిమాని మధ్యలో ఆపితే దాని గొంతు పిసికినట్టేనని ఆయన నమ్మకం. సినిమా అయి లైటు వెయ్యగానే టీ చేతికి రావాలి. చల్లారిన టీ తాగుతూ చేసే చర్చ చర్చే కాదట. వంటింటి వెలుతురు గోడ మీద పడితే నీడలు పాడవుతాయి కాబట్టి ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవాలి. లేచేటప్పుడు ఎవరికీ అడ్డం రాకూడదు కాబట్టి కుర్చీలో కాకుండా తలుపు పక్కన స్టూలు మీద కూర్చోవాలి. ఇవన్నీ ఆయన గద్దించి చెప్పిన మాటలు కావు. ఆయనకి గద్దించడం చేతకాదు. "నీ చేతి టీ పడితే గానీ వాళ్ళకి నోరు పెగలదు" అని మెచ్చుకుంటూ చెప్పినవే. తిట్టేవాడితో దెబ్బలాడొచ్చు, మెచ్చుకునేవాణ్ణి ఏం చెయ్యగలం?

ఒకసారి లైబ్రరీ అమ్మాయి ట్రే అందుకుంటూ, "మీరెప్పుడూ చివర్లో ఉండరేంటండీ?" అని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన అందుకుని, "ఆవిడకి చావులంటే భయం" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వంటింట్లోకి వచ్చి ఖాళీ గిన్నెలో నీళ్ళు పోస్తుంటే గుర్తొచ్చింది. మామగారు పోయినప్పుడు శవం పక్కన రాత్రంతా ఒక్కతే కూర్చున్నది తను. ఆయన పక్కగదిలో తలనొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. చావులంటే ఎవరికి భయమో ఆ గదికి తెలుసు, ఆమెకి తెలుసు. కానీ నలుగురిలో నవ్వేశాక ఇంక చెప్పేదేముంటుంది!

అలా నాలుగేళ్ళు గడిచాయి. నూట తొంభై తొమ్మిది ఆదివారాలు. అన్ని సినిమాలు చూసిన ఆడది ఆ చుట్టుపక్కల ఇంకొకతి ఉండదు. ఒక్కదానికైనా ముగింపు తెలియనిది కూడా ఇంకొకతి ఉండదు.

తర్వాత చూడొచ్చు కదా అని ఎవరైనా అడగొచ్చు. చూడొచ్చు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపలేదు. మొదట్లో అనుకుంది కూడా. కానీ వాళ్ళు వెళ్ళేసరికి ఏడున్నర, కప్పులు కడిగి వంట చేసేసరికి తొమ్మిదిన్నర, తెల్లారితే సోమవారం. మిగిలిన ముక్క కోసం ప్రొజెక్టరు పెట్టమని అడిగితే, "సినిమాని ముక్కలుగా చూడ్డం సినిమాకి అవమానం" అన్నాడు ఆయన, నిజంగానే బాధపడుతూ. ఆ మాటతో ఆమెకి సిగ్గేసింది. సినిమాకి జరిగిన అవమానం గురించి అంత బాధపడే మనిషి దగ్గర తన సంగతి ఎత్తడం చిన్నతనం అనిపించింది. ఆ తర్వాత అడగలేదు.

సోమవారం మధ్యాహ్నం మాత్రం ఆమెది. ఆమె ఒక కళ్ళజోళ్ళ షాపులో పనిచేసేది. అద్దాలు ఫ్రేముకి తగ్గట్టు అరగదీసి బిగించడం, కొనేవాళ్ళకి ఫ్రేములు చూపించడం. జంటగా వచ్చినవాళ్ళని చూస్తే ఆమెకి ముందే తెలిసిపోయేది. భార్య ముక్కు మీద ఉండాల్సిన ఫ్రేము భర్త ఎంచుతాడు, ఆవిడ అద్దంలోకి కాకుండా ఆయన మొహంలోకి చూసి బాగుందో లేదో తెలుసుకుంటుంది. పదేళ్ళ నుంచి పనిచేస్తున్నా యజమాని కొత్తవాళ్ళకి ఆమెని "మా షాపులో సాయానికి ఉంటుంది" అనే చెప్పేవాడు. భోజనం వేళ అరగంట, వెనక మెట్ల మీద కూర్చుని అక్కకి ఫోన్ చేసేది.

అక్క ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద. మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఒక గది అద్దెకి తీసుకుని కర్టెన్లు, బడి యూనిఫారాలు కుట్టేది. ముప్పై ఏళ్ళ కిందట మొగుణ్ణి వదిలేసింది. మొగుడు వదిలెయ్యడం కాదు, తనే వదిలేసింది. మధ్యాహ్నం అన్నం వండి, మూతపెట్టి, ఒక పెట్టె పట్టుకుని బస్సెక్కింది. అప్పట్నుంచీ ఇంట్లో ఇద్దరి కథా ఒకే వాక్యంలో నడిచేది. "పెద్దదాని తలరాత అలా తగలడింది, చిన్నది మాత్రం పెట్టి పుట్టింది" అనేది అమ్మ, పోయేదాకా. చిన్నదాని మొగుడు చదువుకున్నవాడు, తాగడు, కొట్టడు, పైగా ఆదివారం ఆదివారం పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని సినిమాలు చూపిస్తాడు. చుట్టాల్లో ఆడవాళ్ళు ఈ సంగతి చెప్పుకుని నిట్టూర్చేవారు.

మొదటి సోమవారం అక్క అడిగింది. "నిన్న ఏం చూశారే మీ ఇద్దరూ? కథ చెప్పు." మిషన్ తొక్కుతూ కథ వినడం అక్కకి చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఆమె చెప్పింది. బొమ్మల దుకాణంలో పనిచేసే ఒక అమ్మాయి, ఆ అమ్మాయి మీద కన్నేసిన జడ్జి, దొంగిలించిన ఉంగరం, వాన. చెప్పుకుంటూ చెప్పుకుంటూ గంటా పద్దెనిమిది దగ్గరికి వచ్చింది. అవతల మిషన్ చప్పుడు ఆగింది. "ఊఁ, తర్వాత?"

నాకు తెలీదక్కా, నేను టీ పెట్టడానికి లేచాను, అని చెప్తే సరిపోయేది. ఆరే ఆరు మాటలు. కానీ ఆ మాటలు చెప్తే పక్కన కూర్చోబెట్టుకుని చూపించే మొగుడు అక్కడితో మాయమైపోతాడు. పెట్టి పుట్టిన చిన్నది కూడా మాయమైపోతుంది. ఆమె, "ఉంగరం జడ్జి బల్ల మీద పడేసి, ఆ రాత్రి రైలెక్కి వెళ్ళిపోయింది" అంది. అక్క తృప్తిగా, "మంచి పని చేసింది. నేనూ చూస్తాలే ఎప్పుడైనా" అంది. మళ్ళీ మిషన్ మొదలైంది.

అంతే, అక్కణ్ణుంచి నాలుగేళ్ళు అదే వరస. అక్కకి సినిమాలు సిఫారసు చేసేది తనే. ఇది చూడు, అది చూడకు, ఇందులో ఫరవాలేదు గానీ అందులో ఆడమనిషి నీకు తప్పకుండా నచ్చుతుంది. ప్రతి దాంట్లోనూ ఆడమనిషి ఏదో ఒక బండెక్కి వెళ్ళిపోయేది. రైలు, ఓడ, పాల లారీ. ఒకతి చేపల పడవలో కూడా వెళ్ళింది. నిజం చెప్పాలంటే ఆ చివర్లు కల్పించడానికి ఆమె రుచి మరిగింది. ఆదివారం వంటింట్లో తలుపేసుకుని టీపొడి వేస్తూ, అవతల తుపాకీ పేలిన శబ్దం వినిపిస్తే, ఆహా, కాల్చి పారిపోతోందన్నమాట అనుకునేది. ఆ కాల్చింది ఎవరో, పడింది ఎవరో తలుపు తీసి చూడాలని అనిపించేది కాదు. తరవాత్తరవాత చూడాలంటేనే భయం పట్టుకుంది.

ఆ ఏడు వానాకాలం మొదట్లో అక్క కడుపులో గడ్డ బయటపడింది. కోసి చూసి, మళ్ళీ కుట్టేశారు. "నేను గుడ్డ కుట్టినంత శ్రద్ధగా కూడా కుట్టలేదే" అంది అక్క ఫోన్లో. ఆసుపత్రిలోనే ఉంచేశారు. మంచం మీద కాలక్షేపానికని పక్కింటి టీచరమ్మ తన టాబ్‌లో సినిమాలు ఎక్కించి ఇచ్చింది. ఏవి కావాలని అడిగితే, అక్క తన కుట్టు కొలతల పుస్తకం వెనక పేజీలో నాలుగేళ్ళుగా రాసుకున్న జాబితా చూపించిందట. "మా చెల్లెలు చెప్పినవి."

ఒక గురువారం ఆమె షాపులో అద్దం అరగదీస్తుంటే ఫోన్ మోగింది. అక్క పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టింది.

"నీకు బుద్ధుందటే?"

"ఏమైందక్కా? డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టరు సంగతి తర్వాత. ఆ ఫిడేలు వాయించేవాడి పెళ్ళాం సినిమా ఉందే, అందులో ఆవిడ ఓడెక్కి వెళ్ళిపోయిందన్నావా లేదా?"

"అన్నాను."

"ఓడా లేదు, గీడా లేదు. రేవులోనే కాల్చేశారు. సరే, దీనికి మతిమరుపు వచ్చిందేమో అనుకుని ఇంకోటి చూశా. అందులో ఉరి. ఇంకోదాంట్లో మేడ మీంచి తోసేశారు. పదకొండు చూశానే ఇప్పటికి. చంపడమో, జైల్లో వెయ్యడమో, ఒక్కత్తంటే ఒక్కత్తి నువ్వు చెప్పినట్టు గడప దాటలేదు. ఎందుకే నాతో అన్ని అబద్ధాలు?"

ఆమె మిషన్ ఆపి వెనక మెట్ల మీదికి వచ్చింది.

"నేను చూళ్ళేదక్కా."

"ఏది చూళ్ళేదు?"

"ఏదీ. చివర్లు ఏవీ చూళ్ళేదు. టీ పెట్టాలి కదా."

అవతల ట్రాలీ ఏదో దొర్లుకుంటూ పోయిన చప్పుడు వినిపించింది.

"అన్నీనా?"

"అన్నీ."

"మరి పక్కన కూర్చుంటానన్నావు. అర్థం కానివి ఆయన చెవిలో చెప్తుంటాడన్నావు."

"స్టూలు మీద కూర్చుంటాను. తలుపు పక్కన."

ఆ మాట చెప్పేసరికి ఏడుపు ముంచుకొచ్చింది. స్టూలు అన్న చిన్న మాట దగ్గర అంత ఏడుపు ఎక్కడ దాక్కుని ఉందో ఆమెకే తెలీదు. అక్క అయ్యో పాపం అంటుందేమో అని భయపడింది. ముప్పై ఏళ్ళుగా అందరూ అక్కని అయ్యో పాపం అంటూ వచ్చారు, ఆ మాట ఎంత బరువో అక్కకి బాగా తెలుసు. అందుకేనేమో అనలేదు.

"ఈ ఆదివారం రా" అంది. "నాలుగింటికి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా పక్కన కూర్చుని ఆఖరిదాకా చూడు. మంగళవారం నుంచి మందు పెంచుతారుట. నొప్పి తెలీదుట గానీ, నాకు ఇంకేమీ కూడా తెలీదుట."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె సంగతి చెప్పింది. స్టూలు సంగతి కాదు, ఆసుపత్రి సంగతి. ఆయన చెయ్యి ఆపి విన్నాడు. నొచ్చుకున్నాడు కూడా. తర్వాత, "ఈ ఆదివారమా?" అన్నాడు.

ఈ ఆదివారం రెండు వందలవ సినిమా. వారపత్రిక సంపాదకుడు స్వయంగా వస్తున్నాడు, ఫొటోలు తీస్తారు. నెల రోజుల నుంచి ఆయన దాని కోసం రాత్రింబవళ్ళు తలకిందులవుతున్నాడు.

"మీ అక్కయ్యని చూడొద్దని అంటానా? సోమవారం పొద్దున్నే వెళ్ళు. నేనే బస్సెక్కిస్తాను. మందు పెంచేది మంగళవారం అన్నావు. సోమవారం మంగళవారానికి ముందే కదా?"

ముందే. ఆయన లెక్క ఎప్పుడూ తప్పదు. సోమవారం వెళ్ళినా అక్క ఉంటుంది, టాబ్ ఉంటుంది, సినిమా ఉంటుంది. ఆదివారం నాలుగింటికే ఎందుకని అడిగితే ఏం చెప్తుంది? ఆదివారం నాలుగింటికి నేనుండే చోట నేను లేకుండా ఉండాలని మా అక్క కోరిక, అని చెప్తుందా? చెప్తే మాత్రం అర్థమవుతుందా? ఆ రెండు రోజులూ ఆమె అద్దాలు బిగిస్తూ అదే ఆలోచించింది. మంచివాడి మాట కాదనడానికి కారణం కూడా మంచిదే కావాలా? కావాలని ఉంది, అంతే, అది చాలదా? ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకి చాలా విషయాల్లో "కావాలని ఉంది" అన్నదే కారణం. దానికి ఇంకో కారణం ఎవరూ అడగలేదు.

శనివారం రాత్రి, "ఆదివారమే వెళ్తున్నానండీ" అంది.

"అదేం పంతం? ఇది నీ క్లబ్బు కూడా కదా?"

ఆమెకి నవ్వొచ్చినంత పనైంది. నవ్వలేదు.

అయినా ఎంత పాడు అలవాటు చూడండి. ఆదివారం తెల్లవారుజామున లేచి, వంటింట్లో నిలబడి, పదిహేను మందికి సరిపడా టీ కాచి రెండు పెద్ద ఫ్లాస్కుల్లో పోసింది. కప్పులు బోర్లించింది. బిస్కెట్లు పళ్ళేల్లో సర్ది గుడ్డ కప్పింది. చక్కెర విడిగా వేసుకునేవాళ్ళ కోసం చిన్న గిన్నె పెట్టింది. అన్నీ పెట్టి చెప్పులు వేసుకుంటుంటే ఆయన ఫ్లాస్కుల వంక చూసి, "ఫ్లాస్కులో టీ ఫ్లాస్కు వాసనే వస్తుంది" అన్నాడు, ఫిర్యాదులా కాదు, ఒక నిజం చెప్తున్నట్టు. ఆమె బస్సులో మూడు గంటలూ ఆ వాసన గురించే ఆలోచించింది. అక్క గురించి ఆలోచించాల్సిన మూడు గంటలు. తన మీద తనకే అసహ్యం వేసింది.

అక్క మంచంలో సగానికి సగం అయిపోయి ఉంది. ఆరు మంచాల వార్డులో కిటికీ పక్క మంచం. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, సూది గుచ్చుకున్న మచ్చలతో, పెద్దవిగా. ఆ చేతులే ఆమెకి చిన్నప్పుడు జడలు వేసినవి, స్కూలు ఫీజు కట్టినవి.

"ఏం చెప్పి వచ్చావ్?" అంది అక్క.

"ఆదివారమే వెళ్తున్నానని చెప్పా."

"టీయో?"

ఆమె తలదించుకుంది. "ఫ్లాస్కుల్లో పోసి వచ్చా."

అక్క నవ్వింది. నవ్వితే కుట్టు లాగి, కడుపు పట్టుకుని మళ్ళీ నవ్వింది. "సిగ్గులేదే చిన్నీ నీకు. నేను మాత్రం తక్కువ తిన్నానా, వాడికి అన్నం వండి మూతపెట్టి మరీ వచ్చాను. మన చేతులు నరికినా ఆ చేతులు వెళ్ళి పొయ్యి వెలిగిస్తాయి. ఇటు రా, కూర్చో. అక్కడ కాదు, మంచం మీద."

అక్క ఒక సినిమా ఏరిపెట్టుకుని ఉంది. తనూ చూడనిది. "దీని చివర నాకూ తెలీదు. ఇద్దరం ఒకేసారి తెలుసుకుందాం" అంది. చెవిలో పెట్టుకునే తీగలు రెంటిలో ఒకటి అక్క చెవిలో, ఒకటి ఆమె చెవిలో. ఒక హోటల్లో గది తాళాలు అందించే ఆవిడ కథ అది. హోటలు ఆవిడ మొగుడిదే. జీతం లేని ఉద్యోగం. రోజూ రాత్రి ఒకతను దొంగ పేరు రాసి ఏడో నంబరు గది తాళం తీసుకుంటాడు. ఆమె ఈ సినిమా మూడేళ్ళ కిందట స్టూలు మీంచి చూసింది. అప్పుడు గమనించనివి ఇప్పుడు కనిపించాయి. ఆవిడ తాళం ఇచ్చిన ప్రతిసారీ వేలితో ఆ నంబరు ఒకసారి తడుముతుంది. మెట్లెక్కి వెళ్ళేవాళ్ళని చూస్తుందే గానీ ఒక్కసారి కూడా తను మెట్లెక్కదు. అక్క మధ్యమధ్యలో, "వీడు మంచివాడు కాదే, వీడి బూట్లు చూడు" అంటోంది.

గంటా పద్దెనిమిది దగ్గర ఆమె లేచి నిలబడింది.

ఎందుకు లేచిందో ఆమెకే తెలీదు. టాబ్ మీద టైము చూడలేదు. కాళ్ళే లేచాయి. చెవిలోంచి తీగ జారి మంచం మీద పడింది. వార్డు మధ్యలో, చేతిలో ట్రే లేకుండా, ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. పక్క మంచం పేషెంటు వింతగా చూసింది. ఆ క్షణంలో కలిగిన అవమానం ఇరవై రెండేళ్ళలో ఆయన పక్కన ఉండగా ఎన్నడూ కలగలేదు. తన ఒంట్లో ఎవరో ఒక చీటీ అంటించి ఉంచారు. నాలుగేళ్ళుగా ఆ చీటీ మోస్తూ తిరిగింది.

అక్క కళ్ళు సగం మూసుకునే, చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"కూర్చోవే" అంది.

ఆమె కూర్చుంది. కాసేపటికి అక్క తల ఆమె భుజం మీదికి ఒరిగింది. మందు మత్తులో నిద్రపోయింది. ఆపేద్దామా అనుకుంది. అక్క లేచాక చూడొచ్చు కదా. కానీ అక్క అడిగింది ఆఖరిదాకా కూర్చోమని. ఆమె తీగ మళ్ళీ చెవిలో పెట్టుకుని ఒక్కతే చూసింది.

ఎవడి కోసం అంతా చేసిందో, ఆ ఏడో నంబరు గదివాడే ఆవిణ్ణి కాల్చాడు. మెట్ల మీద. మొదటిసారి మెట్లెక్కింది పాపం, నాలుగు మెట్లు. తాళాల గుత్తి ఒక్కో మెట్టూ దొర్లుకుంటూ కిందికి వచ్చింది. టోపీ పెట్టుకున్న ఇద్దరు వచ్చి, ఆవిడ మీదుగా దాటి, ఒకడు సిగరెట్టు వెలిగించుకున్నాడు. "అందగత్తె" అన్నాడు ఒకడు. "ఆశ ఎక్కువ" అన్నాడు ఇంకొకడు. సముద్రం చూపించి ముగించేశారు.

ఇన్నాళ్ళూ వంటింట్లోంచి వినిపించిన తుపాకీ శబ్దాలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఆ ఆడవాళ్ళందరూ ఆ గదిలో చచ్చిపోతూ ఉంటే, తను పక్కగదిలో తలుపేసుకుని, వాళ్ళకి ఆశ ఎక్కువని కాసేపట్లో అనబోయే మనుషుల కోసం టీలో చక్కెర కలుపుతూ ఉంది. ఆమె అక్క తల కదలకుండా భుజం బిగబట్టి, చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది.

అక్క లేచేసరికి కిటికీలో ఎండ పోయింది.

"అయిపోయిందా? ఏమైంది దానికి?"

ఆమెకి నాలుక చివరిదాకా వచ్చింది. ఆఖరి బస్సెక్కి వెళ్ళిపోయిందక్కా. చెప్తే అక్క నమ్మినట్టు నటిస్తుంది కూడా.

"చంపేశారక్కా" అంది. "వాడే చంపాడు."

"నే చెప్పలే, వాడి బూట్లు!" అంది అక్క. తల దిండు మీదికి జరుపుకుని, "చూశావుగా మొత్తం?" అంది.

"చూశాను."

"నువ్వు చెప్పినవే బావుండేవి. నీకో సంగతి చెప్పనా? ఇక్కడ పడుకుని అన్నీ గుర్తుచేసుకున్నా. రైలు, ఓడ, పాల లారీ. నువ్వు చెప్పిన ప్రతి ఆడదీ ఓ పెట్టె పట్టుకుని ఏదో ఒకటి ఎక్కేసేది. అది నేనే కదే?"

ఆమె ఆలోచించనే లేదు. నిజంగా ఎప్పుడూ తట్టలేదు. అమ్మ పోయేదాకా తలరాత అని తిట్టిన ఆ మధ్యాహ్నాన్ని, ఆ పెట్టెని, ఆ బస్సుని తను నాలుగేళ్ళు సోమవారం సోమవారం అక్కకే కథగా చెప్పిందన్నమాట. తల ఊపింది.

"నాకు భయం వేసిందని చెప్పలేదు నీకెప్పుడూ" అంది అక్క. "మూడు స్టాపులు పోయాక దిగి వెనక్కి వెళ్ళిపోదామనుకున్నా. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు రోజూ అనుకున్నా. అది కూడా కథలో చెప్తే బావుండేది. మరీ అంత సుఖంగా వెళ్ళిపోరే ఎవరూ."

ఫోన్ మోగింది. ఆయన. వార్డులో గోలగా ఉంది, వినిపించడం లేదని ఆమె స్పీకరు నొక్కింది. ఆయన గొంతు ఉత్సాహంగా ఉంది. అంతా బ్రహ్మాండంగా జరిగిందట. సంపాదకుడు ఎంతో మెచ్చుకున్నాడట. అక్కయ్యకి ఎలా ఉందని అడిగాడు, నిజంగా అడిగాడు. తర్వాత, "ఎనిమిదింటికి బస్సుంది కదా? ఎక్కేస్తే పదకొండున్నరకల్లా వచ్చేస్తావు" అన్నాడు.

"నేను ఇవాళ రానండీ."

"రేపా? మరి షాపు?"

"షాపుకి నేను చెప్పుకుంటాను. రేపు కూడా రాను. నేనిక్కడ ఉంటాను."

"ఉంటే ఉండు, కాదన్నానా. ఎప్పటిదాకా?"

ఆమె అక్క మొహం వంక చూసింది. దానికి ఒకటే జవాబు. ఆ జవాబు అక్క ఎదురుగా ఎలా చెప్పాలి? అవతల ఆయన, "చెప్పు, ఎప్పటిదాకా?" అని మళ్ళీ అడిగాడు.

అక్క చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. రెండు చేతులతో పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"నేను పోయేదాకా ఉంటుంది మరిదిగారూ" అంది, చాలా మర్యాదగా. "ఎన్నాళ్ళో పట్టదులెండి. ఆ తర్వాత వస్తుందో రాదో మాత్రం దాన్నే అడగండి."